నలుగురికి వేడినీళ్ళు

ఆ రోజు ఇంట్లో ఉన్నది మా మేనత్త శేషారత్నం, ఆవిడ అత్తగారు నాంచారమ్మ మామ్మ, వేడినీళ్ళ మిషన్ల గురించి చెప్పడానికి వచ్చిన జాకీర్, నేను. మావయ్య సత్యదేవ్ రాణీగంజ్‌లోని మోటారు పంపుల కొట్టుకి వెళ్ళారు. వాళ్ళమ్మాయి నీహారికక్క కాలేజీకి వెళ్ళింది. నేను ఇంటర్ చదవడానికి జూన్‌లో మా ఊరినుంచి ఈ రాంగోపాల్‌పేట్ ఇంటికి వచ్చాను. ముందురోజు అత్త మా నాన్నకి ఫోన్ చేసి, ఆదివారం ఒకసారి రమ్మని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. నన్ను వెనక్కి తీసుకుపొమ్మనడానికేనని నాకు భయం పట్టుకుంది. ఎవరేమన్నారో విన్నది విన్నట్టు రాస్తున్నాను. అందులో నా మాటలు తక్కువే.

“అట్ల కాదమ్మా, జెర నా మాట ఇనుండ్రి. ముందుగాల ఇంట్ల ఎంతమంది స్నానం జేస్తరో చెప్పుండ్రి. ఎన్ని లీటర్లది కావాల్నో నేను చెప్తా.”

“నలుగురు.”

“నలుగురేమిటే రత్నం? నేను, నువ్వు, అబ్బాయి, నీహారిక, ఈ పిల్ల. ఐదుగురం కదూ?”

“నలుగురే అత్తయ్యా. జాకీర్, నువ్వు నలుగురని రాసుకో.”

“ఓహో, ఈ పిల్ల చన్నీళ్ళే పోసుకుంటుందిగా. అందుకా దాన్ని లెక్కలోంచి తీసేశావు?”

“చన్నీళ్ళా? గీ సలిలనా? ఏం పాపా, నీకు సలి పెట్టదా?”

“...”

“అది మాట్లాడదయ్యా. వచ్చి ఇన్నాళ్ళయింది, దాని గొంతెలా ఉంటుందో నాకే తెలియదు. పేరు నవత. అదైనా వాళ్ళ అత్త చెబితేనే తెలిసింది.”

“పోనీ తియ్యి పెద్దమ్మా. ఇగో, నలుగురికైతే నూటయాభై లీటర్లది సరిపోతది. కానీ నేనైతే రెండొందలే ఏస్కోమంట. ఇంటికి సుట్టాలొస్తరు, పక్కాలొస్తరు. తక్లీఫ్ ఉండదు.”

“ఎవరూ రారు. నూటయాభై చాలు.”

“అత్తా...”

“ఉండవే, మాట్లాడుతున్నాగా. చూడు జాకీర్, నాకు కావలసింది ఒకటే. పొద్దున్నే లేచి ఎవరూ ముట్టుకోనక్కర్లేనిది కావాలి. స్విచ్చి కూడా వెయ్యక్కర్లేకుండా ఉండాలి.”

“ముట్టుకోకుంట ఎట్లమ్మా? నల్లా అయితే తిప్పాలె కద?”

“కుళాయి తిప్పుకుంటారులే. ఆ మాత్రం చేతులు వంగకపోతే ఎలా?”

“ఎవరి చేతులే? ఎవరిననడం అది?”

“అందరినీ అత్తయ్యా. అందరినీ.”

“విన్నావా నాయనా? మొన్న వంటమనిషిని మాట్లాడింది, సోమవారంనుంచి వస్తుందట. ఇవాళ నీళ్ళు కాచే మిషనట. మా కోడలికి ఉన్నట్టుండి మహారాణీ యోగం పట్టింది.”

“మంచిదే గద పెద్దమ్మా. అమ్మను సుత జెర ఆరాం చెయ్యనియ్యి. సరే అమ్మా, అన్నిట్లకంటే సీదాసాదాది గీజర్. ఫైవ్ స్టార్‌ది ఏస్కుంటే కరెంటు తక్కువ గుంజుతది.”

“గీజరు ఊసెత్తకు! గీజరు నీళ్ళు నా మడికి పనికిరావు. నేను కాపరానికొచ్చినప్పటినుంచీ నిప్పుమీద కాగిన నీళ్ళే. కరెంటుతో కాచిన నీళ్ళు నా ఒంటిమీద పడ్డానికి వీల్లేదు.”

“కరెంటు ఫ్యాన్ కిందనే పంటవ్ గద పెద్దమ్మా?”

“ఫ్యాను గాలికి మడేమిటయ్యా? పడుకోవడం వేరు, స్నానం వేరు.”

“చూశావుగా జాకీర్. అందుకే ఈ పెరట్లో ఇంకా ఆ రాగి బాయిలర్. ఆయన కొట్టుకొచ్చే పంపుల చెక్కపెట్టెలు విరగ్గొట్టడం, బాయిలర్‌లో కూరడం, ఊదడం. తెల్లారితే నా పని అదే.”

“ఊదితే ఏమొచ్చె? నేనూ ఊదాను. మా అత్తగారూ ఊదారు.”

“అయితే పెద్దమ్మా, సోలార్ సంగతేంది? అది కరెంటుతోటి కాదు. సూర్యుడే కాస్తడు.”

“సూర్యుడా?”

“అవును. మేడమీద గాజు గొట్టాలు పెడతం. ఎండ పడంగనే నీళ్ళు గరం. కరెంటు బిల్లే ఉండది.”

“ప్రత్యక్ష నారాయణుడు కాచిన నీళ్ళా! అంతకంటే మడి ఏముంటుంది? ఆ ముక్క ముందే చెప్పవేమయ్యా? రత్నం, అదే చెప్పెయ్.”

“వానాకాలం మబ్బు పడితే ఎలా బాబూ?”

“దానికి లోపల చిన్న కరెంటు కాయిల్ ఉంటదమ్మా. మబ్బు రోజు అది...”

“అయితే వద్దు.”

“అరె, అది ఎప్పుడో ఒకసారి పెద్దమ్మా.”

“మడికి ఎప్పుడో ఒకసారి ఉండదు నాయనా.”

“అమ్మా, కాయిల్ సంగతి తర్వాత చూద్దం. మీ మేడమీద ఎండ మంచిగ పడతదా? పక్కన అపార్ట్‌మెంట్ లేస్తున్నది గద, వచ్చేటప్పుడు చూసిన.”

“నాకేం తెలుసు? నేను మేడెక్కి ఎన్నాళ్ళయిందో. నవతకి తెలుసు, దాని చదువూ పడకా అక్కడి గదిలోనే. చెప్పవే.”

“దక్షిణం వైపు...”

“గట్టిగా చెప్పు. మేడ వినక్కర్లేదు, జాకీర్‌కి వినబడితే చాలు.”

“దక్షిణం వైపే కడుతున్నారండీ. పై అంతస్తు లేచినప్పటినుంచీ మన మేడంతా నీడే. దుప్పటి ఆరెయ్యాలన్నా ఎండ ఎక్కడుందా అని వెతుక్కోవాలి. గచ్చు అసలు వెచ్చబడటం లేదు.”

“అయిపాయె. పాప ఒక్క మాటల తేల్చేసింది. ఎండే లేకుంటే సోలార్ ఏం కాస్తదమ్మా? దండగ.”

“ఏమే పిల్లా, మాట్లాడక మాట్లాడక మాట్లాడి, నారాయణుణ్ణి ఇంటికి రాకుండా చేశావు కదే!”

“దాన్నేమీ అనకండి అత్తయ్యా. ఉన్నదే చెప్పింది. ఇంకేముంది జాకీర్? తొందరగా చెప్పు.”

“ఇంకోటుందమ్మా. హీట్ పంప్ అంటరు. ఫ్రిజ్ చూసిన్రు గద? లోపలి వేడి గుంజి ఎనకకెళ్ళి బయటికి కొడతది. ఇది దానికి ఉల్టా. బయటి గాలిలున్న వేడి గుంజి నీళ్ళల్ల ఏస్తది.”

“చలికాలంలో గాలిలో వేడెక్కడిదయ్యా? నా కాళ్ళు కొయ్యబారిపోతుంటేనూ!”

“మనకి సలి అనిపిస్తది పెద్దమ్మా, మిషన్‌కి అది సుత వేడే. మన సికింద్రాబాద్ సలి దానికి ఒక లెక్కనా? గీజర్ తినే కరెంటుల మూడో వంతు తింటది. టైమ్ పెట్టి ఇడిస్తే దానంతటదే షురూ అయితది, దానంతటదే బందయితది. ఎండ అవసరం లేదు, మబ్బయినా ఫికర్ లేదు.”

“అదే. అదే కావాలి నాకు.”

“అమ్మా, రేటు జెర ఎక్కువుంటది. ఫ్యాన్ సప్పుడు సుత ఉంటది, ముందే చెప్తున్న.”

“ఉండనీ. ఎవరూ ముట్టుకోనక్కర్లేదన్నావుగా. చాలు.”

“ఆగవే రత్నం! కరెంటు తింటుందంటున్నాడు కదా. మరి నా మడి?”

“అత్తయ్యా, మీరు సరిగ్గా వినలేదు. కరెంటు నీళ్ళని ముట్టుకోదు. ఊరికే ఫ్యాను తిప్పుతుంది, అంతే. నీళ్ళు కాచేది గాలి.”

“గాలా?”

“గాలే. సూర్యుడు కాకపోతే వాయుదేవుడు.”

“ఏమయ్యా జాకీర్, నిజమేనా? కాచేది గాలేనా?”

“ఒట్టు పెద్దమ్మా. కాసేది గాలే.”

“వాయుదేవుడంటే... ఆంజనేయస్వామికి తండ్రి. తప్పులేదేమో. ఏమే నవతా, నువ్వు చదువుకుంటున్నావుగా, తప్పుందా?”

“లేదు మామ్మగారూ.”

“దీనికి నవ్వు కూడా వచ్చే! సరే కానివ్వండి. మొదటి బకెట్ మాత్రం అబ్బాయి పోసుకున్నాక, రెండోది నేను పోసుకుంటాను.”

“ఫోన్ మోగుతోందత్తా. మావయ్య.”

“స్పీకర్ పెట్టు. నా చేతులు మసిగా ఉన్నాయి.”

“రత్నం, జాకీర్ వచ్చాడా? వాడి మాటలు నమ్మి పెద్ద పెద్దవి చెప్పెయ్యకు. మాటలతో మేడ కట్టేస్తాడు వాడు.”

“సార్, నేను ఈడనే ఉన్న.”

“ఆఁ... జాకీర్! బాగున్నావా? నీ గురించే చెబుతున్నా, మంచి పనివాడని.”

“ఇన్న సార్. మొత్తం ఇన్న.”

“ఏవండీ, హీట్ పంప్ తీసుకుంటున్నాం.”

“అదెందుకే ఇప్పుడు? కొట్లో చెక్కపెట్టెలు ఊరికే పడి ఉంటున్నాయి. బాయిలర్ ఉంది. నువ్వున్నావు. ఇంకేం కావాలి?”

“...”

“రత్నం? లైన్లో ఉన్నావా?”

“ఉన్నాను. ఇంకా ఉన్నాను.”

“ఈ చలికాలం పోనీ, తర్వాత చూద్దాంలే.”

“లేదండీ. రేపే బిగించాలి.”

“రేపా? ఏం కొంప మునిగిందని?”

“మునగలేదు. నేను అడిగానండీ. ఈ ఇంట్లో నాకంటూ ఏదైనా అడగడం ఇదే మొదటిసారి కదా.”

“అబ్బ, సరేలే. నీ ఇష్టం. ఇక్కడ గిరాకీ ఉంది. సాయంత్రానికి శనగపప్పు నానబెట్టు, వడలు వేద్దువుగాని.”

“ఫోన్ పెట్టేశారు అత్తా.”

“తెలుసు. జాకీర్, రేపు పొద్దున్నే రాగలవా?”

“రేపంటే పరేషాన్ అయితదమ్మా. సోమవారం అయితే...”

“సోమవారం వద్దు! సోమవారానికి ఇంట్లో నీళ్ళు వస్తూ ఉండాలి. నేను కళ్ళతో చూడాలి.”

“అరె, సోమవారం మీరు ఈడనే ఉంటరు గద, అప్పుడు చూస్తరు.”

“రేపు రా బాబూ. నిన్ను బతిమాలుతున్నాననుకో.”

“అయ్యో, గంత మాటెందుకమ్మా. వస్త. ఎట్లనో ఒకట్ల వస్త.”

“అత్తా, మళ్ళీ మోగుతోంది. పేరు లేదు, నంబరే.”

“ఇటివ్వు. ఇటివ్వవే! ... నమస్తే మేడం. ఆఁ... ఆఁ, సోమవారమే. గది సిద్ధంగా ఉంటుందన్నారు కదా? ... లేదండీ, మాట మార్చే ప్రసక్తి లేదు. ఉంటాను.”

“ఎవరే రత్నం?”

“హాస్టల్ వాళ్ళు.”

“హాస్టలా? మనింట్లో హాస్టల్ ఎవరికి?”

“జాకీర్, మిషన్ ఎక్కడ పెడితే బాగుంటుంది?”

“నేనేమడిగాను, నువ్వేం మాట్లాడుతున్నావే? ఈ పిల్లనేనా హాస్టల్లో వేసేది? నీ సొంత అన్నకూతురు కదే! దాని పళ్ళెంలో నాలుగు మెతుకులు వెయ్యడం మనకి బరువయిందా?”

“అత్తయ్యా, తర్వాత మాట్లాడుకుందాం.”

“అత్తా, నేను...”

“నీకూ తర్వాతే. ఎక్కడ పెడతావు బాబూ?”

“పెరట్ల బాయిలర్ పక్కన జాగా ఉన్నది. గాలి ఆడతది.”

“పక్కన కాదు. బాయిలర్ ఉన్నచోటే పెట్టు.”

“మరి బాయిలర్?”

“నువ్వే పట్టుకుపో. ట్రాలీ ఆటోలో వచ్చావుగా. ఇప్పుడే ఎక్కించు.”

“ఒసేయ్! అది నా పుట్టింటివాళ్ళు పెట్టిన బాయిలర్. దానిమీద నా పేరు చెక్కి ఉంది!”

“పేరు మీదే అత్తయ్యా. మసి నాది.”

“ఏమిటే ఇవాళ ఈ నోరు? ఆ మిషన్ చెడిపోతేనో?”

“నాకు ఫోన్ జెయ్యి పెద్దమ్మా, ఉరుక్కుంట వస్త.”

“నువ్వు రాకపోతేనో?”

“ఒకపూట చన్నీళ్ళు పోసుకుందురుగాని. నవత పోసుకోవడం లేదూ? జాకీర్, పట్టు.”

“అమ్మా, లోపల ఇంకా నిప్పులున్నయ్. గిట్లనే ఆటోల పెడితే కాలిపోతది.”

“నవతా, చెంబుతో నీళ్ళు తే. ఆర్పెయ్.”

“నేనా?”

“నువ్వే. పొయ్యి. ఏం చూస్తున్నావు?”

“మామ్మగారు చూస్తున్నారు.”

“చూడనీ. ఇంకొంచెం పొయ్యి. చల్లారిందా?”

“చల్లారింది.”

“ఇంకొక్క చెంబు పొయ్యి. అడుగున ఉంటాయి.”

“అబ్బాయి రానీ చెబుతాను! మంచి రాగి, మా నాన్న ఏరికోరి చేయించింది... పొద్దున్నే నిప్పు చల్లార్చింది చూడు ఇంట్లో!”

“అమ్మా, ఖుద్దు మీరే ఒకసారి ఆలోచించుండ్రి. పెద్దమ్మ మనసు బాధపడుతున్నది. బాయిలర్ ఓ మూలకు పెట్టుకోరి, కరెంటు పోయిన దినం పనికొస్తది.”

“మూలకి పెడితే మళ్ళీ బయటికొస్తుంది బాబూ. నాకు ఈ ఇల్లు తెలుసు. తీసుకెళ్ళు.”

“సరే. ఐతే పొద్దుగాలే వస్త. నూటయాభై లీటర్లే, నలుగురికి. పక్కా కద?”

“పక్కా.”

జాకీర్ బాయిలర్‌ని ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. మామ్మ దేవుడి గదిలో కూర్చుని పెద్దగా సహస్రనామం మొదలుపెట్టింది. నేను అత్త వెనకాలే ఆవిడ గదిదాకా వెళ్ళాను.

“ఏమిటే తోకలా తిరుగుతున్నావు?”

“ఒకటి అడగనా అత్తా?”

“అడుగు.”

“...”

“ఇదిగో, ఈ మూగనోమే వద్దంటున్నాను. ఈ ఇంట్లో అడగనివాళ్ళకి ఎవరూ ఏదీ ఇవ్వరు. అడుగు.”

“నన్ను పంపించేస్తున్నావా?”

“ఎవరు చెప్పారు?”

“ఆదివారం నాన్నని రమ్మన్నావు. హాస్టల్ వాళ్ళతో గది గురించి మాట్లాడావు. నలుగురే అన్నావు. జాకీర్ మళ్ళీ అడిగినా నలుగురే అన్నావు.”

“అన్నాను.”

“నన్ను లెక్కలో వెయ్యకపోయినా ఫర్వాలేదత్తా. నేను చన్నీళ్ళే పోసుకుంటాను, ఎప్పటికీ. మేడమీదే ఉంటాను. కాలేజీ మాత్రం మానిపించొద్దు. ఊరికి వెళ్తే నాన్న ఇంక చదివించడు. హాస్టల్‌కి కట్టలేడు. నీకు తెలుసుగా.”

“ఇన్ని మాటలు వచ్చా నీకు?”

“అత్తా, చెప్పు.”

“చన్నీళ్ళు నీకు అలవాటని ఎవరితో అన్నావు? మా వదిన నీకు కాగులో నీళ్ళు కాచి, కుంకుడుకాయ కొట్టి పోసేది. నాకు తెలియదనుకున్నావా?”

“అది... నువ్వు పొద్దున్నే పొగలో కూర్చుని దగ్గుతుంటావు కదా. నాకోసం ఇంకో బకెట్ ఎందుకని... ఏడుస్తున్నావా అత్తా?”

“పొగే.”

“బాయిలర్ వెళ్ళిపోయిందిగా.”

“కాసేపు నోరు ముయ్యి. మాటలొచ్చాయని మరీ అంత పదునొద్దు.”

“నా సంగతి చెప్పలేదు నువ్వు.”

“నీ చదువు ఎవరూ మానిపించరు. నువ్వు ఎక్కడికీ వెళ్ళడం లేదు. మేడమీద కాదు, నీహారిక గదిలో పడుకో. దానికి చెప్పాను. సరేనా? ఇంక వెళ్ళు.”

“మరి బాయిలర్ ఎందుకు పంపించేశావు? మామ్మగారు అంత బాధపడుతుంటే?”

“అది ఇంట్లో ఉంటే రేపు ఎవరి చేతికొస్తుంది? మీ మావయ్య తెల్లవారుజామున లేవరు. నీహారికకి పొగ పడదు. మామ్మ వంగలేదు. నిన్నే లేపుతారు. ‘ఊరిపిల్ల, అలవాటే’ అంటారు. నువ్వు కాదని చెప్పలేవు. నేనూ చెప్పలేకపోయాను.”

“నన్నెందుకు లేపుతారు? నువ్వుండగా?”

“నవతా, గుమ్మంలోంచి జరుగు.”

“నువ్వుండగా నన్నెందుకు లేపుతారత్తా?”

“నలుగురంటే మీ మావయ్య, మామ్మ, నీహారిక, నువ్వు. సోమవారంనుంచి నేను ఖమ్మంలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని, మీ నాన్న వచ్చేది నన్ను అక్కడ దిగబెట్టడానికి, సాయంత్రం మీ మావయ్యకి చెబుతాను. కాలు తియ్యమ్మా, తలుపు వేసుకోవాలి.”